దారం తెంపే పళ్ళు

గోరు మందమే గీరుతాం అంటోంది డాక్టరమ్మ, గోరైతే మళ్ళీ పెరుగుతుంది, పన్ను పెరుగుతుందా, అడుగుదామంటే నోట్లో అద్దం, అద్దం పక్కన నీళ్ళు పీల్చే గొట్టం, మెడ కింద పసిపిల్లకు కట్టినట్టు ప్లాస్టిక్ గుడ్డ, దాని అంచుకు కుట్టు కూడా లేదు, వేడి పెట్టి అతికించేశారు, ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషను మీద అంచులు చూసిన కళ్ళు కదా ఇవి, నోరు తెరుచుకుని పడుకున్నా అవే చూస్తాయి, నొప్పిగా ఉందామ్మా అంటే ఊఁ అన్నాను, అవుననో కాదనో నాకే తెలియదు, మూలన స్టూలు మీద కూర్చున్న మా ఆయనకు మాత్రం తెలిసిపోయింది, దానికి నొప్పేం ఉండదండీ, గట్టి పిండం, మీరు కానివ్వండి అన్నాడు, నా నోట్లో ఇంకో చెయ్యి పట్టదు కాబట్టి గానీ, పడితే ఆయనా ఒక చెయ్యి పెట్టేవాడే.

ముందు పళ్ళు రెండూ మధ్యలో గాడి పడ్డాయట, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు, ఆ గాడి నా నాలుకకు ఎప్పటినుంచో తెలుసు, దారం వచ్చి సరిగ్గా అందులోనే కూర్చుంటుంది, టక్కున తెగుతుంది, నీ పళ్ళు కత్తెరలమ్మా అని బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు అనేవాళ్ళు, నేనూ మురిసిపోయేదాన్ని, ఆ మురిసిపోయిన మొహం మీద ఇప్పుడు లాగి ఒక్కటి ఇవ్వాలనిపిస్తోంది, పోయిన నెల స్కూలు బ్యాగుకు జిప్పు వేస్తూ నైలాన్ దారం కొరికితే గాడి దగ్గర పెచ్చు లేచిపోయింది, ఈవిడే సిమెంటు పూసింది, పది రోజులు ముందు పళ్ళతో ఏదీ కొరక్కండి అని మరీ మరీ చెప్పింది, నేను ఎంత బుద్ధిమంతురాలినంటే రొట్టె కూడా ముక్కలు చేసి దవడ పళ్ళకు అందించుకున్నాను, యాపిల్ పండు వంక కన్నెత్తి చూడలేదు, ఎనిమిదో రోజు ఒక చొక్కా కాలరు ముగించి, తల వంచి, దారం కొరికాను, సిమెంటు దారంతో పాటే ఊడొచ్చింది, దారం కొరకడం కూడా కొరకడమేనని నాకు తట్టనే లేదు, అది పని, పనిని ఎవరు లెక్కలో వేసుకుంటారు, ఏమ్మా చెప్పాను కదా అంది ఈవిడ ఇవాళ పొద్దున, చెప్పారు, చెప్పారు, నా మట్టి బుర్రకు ఎక్కలేదు.

అద్దం తీసేశాక తీరిగ్గా చెప్పింది, వెనీర్ అయితే పంటికి ముందువైపు కాస్త గీరి పల్చటి పెంకు అతికిస్తాం, మీ పన్ను మీకు మిగులుతుంది, కానీ దారాలు కొరికితే ఊడిపోతుంది, క్రౌన్ అయితే పన్నును చుట్టూ అరగదీసి మొద్దులా చేసి, పైన తొడుగు బిగిస్తాం, అది గట్టిది, మీ అలవాటును కొన్నాళ్ళు తట్టుకుంటుంది, కానీ అరిగిన పన్ను మళ్ళీ రాదు, లోపల మీ పళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఆలోచించుకోండి అని రంగుల పట్టీ నా చేతిలో పెట్టి అవతలి గదిలోకి వెళ్ళింది, పట్టీ నిండా వరసగా ఉత్తుత్తి పళ్ళు, తెలుపులోనే ఇన్ని తెలుపులు, ట్యూబ్‌లైటు కింద ఎంచుకోమంటే ఎలా, దారం రంగైనా గుమ్మంలోకి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూడందే నేను బాబిన్‌కు చుట్టను, ఆలోచించడానికేముంది క్రౌనే చెప్పేద్దాం అన్నాడు మా ఆయన, ఫోను మీంచి తల ఎత్తకుండానే, పల్చటివి నీ దగ్గర ఎక్కడ ఆగుతాయి, వారానికొకటి ఊడగొట్టుకొస్తావు, స్కూళ్ళు తెరిచే ముందు మూడొందల యూనిఫారాలున్నాయి, దారం దారానికీ కత్తెర కోసం లేస్తూ కూర్చుంటే అయినట్టే.

ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతోంది, యూనిఫారాల కోసం నా పళ్ళు అరగదీయాలట, బతికున్న పళ్ళు, నా పళ్ళు, గుడ్డ కోసే ముందు నాలుగుసార్లు కొలిచే మనిషి ఈయన, సుద్దతో గీసి, చెరిపి, మళ్ళీ గీసి, ఒకసారి కోశాక అతుక్కోదు అని నాకే పాఠం చెప్పే మనిషి, ఎవరో తెచ్చి పడేసిన గుడ్డకు అంత మర్యాద, నా పంటికి ఒక్కసారి టేపు పెట్టి చూడకుండానే కోసేయమంటున్నాడు, మా టైలరింగు కొట్లో ఉన్నది ఒకటే కత్తెర, కటింగ్ బల్ల దగ్గర మేకుకు తగిలించి ఉంటుంది, నేను మిషను మీద కూర్చున్న కొత్తలో ఒకసారి తీస్తే, దాంతో దారాలు తెంపకు, పదును పోతుంది అన్నాడు, నెలనెలా సాన పట్టిస్తాడు దానికి, దాని పదును మీద ఎంత ప్రేమో, నేను నోరు మెదపకుండా మిషను దగ్గరకొచ్చి కూర్చున్నాను, చేతులు గుడ్డ మీద ఉన్నాయి, నోరు దగ్గర్లో ఉంది, కొరికాను, అంతే, ఇంతోటి దానికి ఏ గొడవా జరగలేదు, జరిగి ఉంటే బాగుండేది.

ఏమనుకున్నారమ్మా అంటూ డాక్టరమ్మ వచ్చింది, ఈయన గొంతు సవరించుకున్నాడు, నేనే ముందు అనేశాను, ఊడిపోయేవే పెట్టండి, ఆవిడ నవ్వింది, వెనీరేనా, అవును, కొరికితే ఊడిపోయేవే కావాలి, గట్టివి పెడితే నా నోరు రేపే మళ్ళీ పనిలోకి వెళ్ళిపోతుంది, నాకు తెలుసు దాని సంగతి, నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే అవతలి గదిలో ఎవరి పిల్లో ఏడుపు ఆపింది, ఈయన ఫోను దించాడు, నా మొహం వంక, నా నోటి వంక చూశాడు, మరి దారం దేంతో తెంపుతావే అన్నాడు, వెటకారంగా కాదు, కోపంగా కూడా కాదు, నిజంగా తెలియక అడిగాడు, ఆ ప్రశ్న వినడం నాకు ఇదే మొదటిసారి, నేను మిషను ముందు మొదట కూర్చున్న రోజునే అడగాల్సింది, ఇరవై రెండేళ్ళలో ఆయన అడగలేదు, సరే, ఆయన అడగలేదు, మరి దారం దేంతో తెంపను అని ఒక్కసారైనా నేనూ ఆయన్ని అడగలేదు.