నాలుగో గదిలో అరగంట

ఫర్నిచర్ షాపంటే నాలుగు కుర్చీలూ రెండు మంచాలూ అనుకునేరు, అది మూడంతస్తుల మేడ. రెండో అంతస్తులో ఏకంగా గదులకు గదులే కట్టి పెట్టారు. సోఫాలు, తెరలు, బల్ల మీద పళ్లెం, పళ్లెంలో ప్లాస్టిక్ పళ్లు, అన్నీ అమర్చి ఉంటాయి, మనుషులే తక్కువ. కొనడానికి వచ్చినవాళ్లు తాడు అవతల నిలబడి, మన ఇల్లూ ఇలా ఉంటే ఎంత బాగుండునని నోరూరించుకోవాలని ఆ ఏర్పాటు.

ఆ గదుల్లో దుమ్ము తుడిచే ఆవిడను అందరూ పెద్దమ్మ అనేవారు. తొమ్మిదేళ్లుగా తుడుస్తోంది. ఏ బీరువా తలుపు ఉత్తుత్తిదో, ఏ టీవీ ఉట్టి అట్టముక్కో ఆవిడకు తెలిసినట్టు షాపు యజమానికి కూడా తెలియదు.

ఇంట్లో చూస్తే రెండు గదులకు ఏడుగురు. కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు, పొద్దస్తమానం రేడియో మోగిస్తూ "కాస్త గొంతు తగ్గించవే" అని ఆవిడనే కసిరే మొగుడు. పెద్దమ్మ పడక పొయ్యికీ తలుపుకీ మధ్య. ఎవరు బయటికి వెళ్లినా ఆవిడ కాళ్లు దాటి వెళ్లాల్సిందే.

అందుకని మధ్యాహ్నం భోజనానికిచ్చే అరగంటలో నాలుగో గదికి వెళ్లేది. చెప్పులు బయట విడిచి మరీ వెళ్లేది. అక్కడొక వాలుకుర్చీ, దాని పక్కన ఒక కిటికీ ఉన్నాయి. కిటికీ అంటే కిటికీ కాదులెండి, గోడకు అంటించిన చెరువు బొమ్మ, వెనక ఒక లైటు. డబ్బాలో తెచ్చుకున్నది తినేసి, కుర్చీలో వాలి, ఆ చెరువు వంక చూస్తూ ఆవిడ రోజూ ఒకటే ఊహించుకునేది. ఈ ఇంట్లో తనను ఎవరూ పిలవరు. అంతే. అమ్మా అనరు, అత్తయ్యా అనరు, ఏమేవ్ అని అసలే అనరు. ఆ అరగంట లేకపోతే ఆవిడకు రోజు గడిచేది కాదు.

ఒకరోజు అలాగే కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి తాడు అవతల ఒక జంట నిలబడి ఉంది. భార్య కళ్లు ఒత్తుకుంటోంది.

"మా అమ్మ అచ్చం ఇలాగే కూచునేదండీ," అంది మొగుడితో.

వాళ్లు ఆ గదిలో ఉన్నలాంటి సామానంతా కొనేశారు.

మేనేజరు పిలిపించాడు. పని ఊడిందనుకుంటూ వెళ్లింది పెద్దమ్మ. అతను లేచి కుర్చీ వేశాడు.

"పెద్దమ్మా, రేపట్నుంచి మీరు తుడవక్కర్లేదు. నాలుగో గదిలో అలా కూచుంటే చాలు."

"కూచోవడమేనా బాబూ?"

"కూచోవడమే. కాస్త నవ్వుతూ."

ఆ పూట ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు. కోడలితో చెబితే, "మీ జాతకం బాగుందత్తయ్యా, మేమూ ఉన్నాం ఎందుకూ," అంది.

మర్నాడు భుజాన ఒక శాలువా కప్పారు. అద్దాల్లేని కళ్లజోడు పెట్టారు. చేతికి అల్లిక సూదులిచ్చారు.

"నాకు అల్లడం రాదు బాబూ."

"రాకపోతే ఏం, పట్టుకోండి."

ఇక మొదలైంది. "బామ్మగారూ, ఇటు చూడండి!" "బామ్మగారూ, కాస్త లేవండి, సీటు మెత్తగా ఉందో లేదో నొక్కి చూస్తాం." ఎవరూ పిలవని ఇంట్లో ఊరంతా పిలిచేది. డబ్బా అక్కడ విప్పితే వాసనొస్తుందని మెట్ల కింద తినమన్నారు. నవ్వి నవ్వి సాయంత్రానికి దవడలు లాగేవి.

మూడో రోజు మధ్యాహ్నం డబ్బా తీసుకుని లేవబోతుంటే మేనేజరు అడ్డం వచ్చాడు.

"ఇప్పుడే కదా జనం ఎక్కువ! ఈ అరగంట కూడా కూచోండి, తర్వాత నిదానంగా తిందురుగాని. ఎలాగూ రోజూ ఇక్కడే కూచునేవారుగా."

పెద్దమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్లజోడు తీసి, అద్దం ఉండాల్సిన చోట వేలు దూర్చి అతని ముఖం ముందు ఆడించింది.

"రోజూ కూచున్నానా? నా అంతట నేను కూచున్నాను! ఇదిగో, ఎవర్నైనా ఈ కిటికీ తెరవమను చూద్దాం, వెనక గోడ. ఆ సొరుగు లాగమను, చేతికి ఊడొస్తుంది. వీటితో నేను తొమ్మిదేళ్లు కాపురం చేశాను. ఏనాడూ ఇది ఉత్తుత్తి ఇల్లనిపించలేదు. నువ్వొచ్చి నవ్వమన్నావే, అప్పుడు పాడైంది!"

"మెల్లిగా పెద్దమ్మా, అందరూ వింటున్నారు."

"విననీ! నా ఇంట్లో నేను మెల్లిగా మాట్లాడాలా?"

తాడు అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. ఇదంతా షాపువాళ్లు పెట్టిన నాటకం అనుకున్నారు పాపం. "బామ్మగారు భలే చేస్తున్నారు. ఆ కుర్చీ ఎంతండీ?" అన్నాడొకాయన.

దాంతో ఆవిడకు ఇంకా ఒళ్లు మండింది. శాలువా తీసి మేనేజరు చేతుల్లో కుక్కింది.

"పద్ధతిగా ఉండకపోతే పని పోతుంది," అన్నాడతను, పంటి బిగువున.

"తుడిచే పనిస్తే చేస్తాను. కాదంటే ఇప్పుడే పోతాను. అరగంట మాత్రం నాది. అందులో నేనెక్కడుంటానో, ఏం చేస్తానో నువ్వు అడక్కు."

జనం చూస్తున్నారు. చెప్పాను కదా, ఆ గదుల్లో ఏది పట్టుకుంటే ఊడుతుందో తెలిసింది ఆవిడొక్కదానికే. ఎక్కడ అన్నీ ఊడదీసి చూపిస్తుందోనని అతను గొణుక్కుంటూ గుడ్డా బకెట్టూ చూపించాడు.

మర్నాడు మధ్యాహ్నం మెట్ల కింద, అట్టపెట్టెల మధ్య చతికిలబడి కళ్లు మూసుకుంది. వాలుకుర్చీ ఊహలోకి వచ్చింది. దానికి ధర చీటీ వేలాడుతోంది. చెరువు వచ్చింది, ఒడ్డున మేనేజరు నిలబడి నవ్వండి నవ్వండి అంటున్నాడు. "ఛీ, పోండి!" అని పైకే కసిరింది. కుర్చీని ఈడ్చి అవతల పారేసింది, తెరలు పీకేసింది, చెరువుని చుట్టచుట్టి గిరాటు కొట్టింది. ఏమీ మిగల్లేదు. కొత్త ఇంటికి మొదట ఒక గోడ లేపాలనుకుని ఇటుక మీద ఇటుక పేర్చడం మొదలుపెట్టింది.

గోడ నడుము ఎత్తుకు వచ్చేసరికి అరగంట అయిపోయిందని బెల్లు మోగింది. పైనుంచి ఎవరో పిలిచారు.

"ఉండండయ్యా, వస్తున్నా," అని అరిచి, ఇంకో వరస పేర్చాక గానీ పెద్దమ్మ లేవలేదు.