కాట్లా దిగనంది

కాట్లా ఆట మానేస్తోందన్న సంగతి ఊరందరికీ తెలిశాక కాట్లాకి తెలిసింది. కోఆపరేటివ్ కొట్టులో పాలూ రొట్టే తీసుకుని డబ్బు కట్టబోతే, కౌంటరు దగ్గరి అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇన్నేళ్ళూ మాకోసం ఆడావు కదా అంటూ అప్పుడే వేయించిన క్లేనలనే తీపి వడల పొట్లం ఊరికే చేతిలో పెట్టిందట. కాట్లా మూడో పిల్లని చంకనేసుకుని, ఇంతకీ నేనెక్కడికి పోతున్నాను అని అడిగింది. ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది.

అక్కణ్ణుంచి సరాసరి మా ఇంటికొచ్చింది. నా పేరు స్టేన్వోర్. మా ఫుట్‌బాల్ జట్టులో ఆమె ముందు గోల్స్ కొడుతుంటే నేను వెనక లెఫ్ట్ బ్యాకుగా ఆడతాను. లెఫ్ట్ బ్యాకుల పేర్లు ఎవరికీ గుర్తుండవు, మీరూ మర్చిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఆమె మాట్లాడకుండా క్లేనలన్నీ తినేసింది. కోపమొస్తే కాట్లాకి ఆకలేస్తుంది.

ఇది ఎక్కడ పుట్టిందో నాకు చెప్పనక్కర్లేదు. మా ఊరు స్కర్వావిక్‌లో మునిసిపల్ ఆఫీసుంది, చర్చి ఉంది, ఫుట్‌బాల్ క్లబ్బుకి ఓ కమిటీ కూడా ఉంది. కానీ ఏది తేలాలన్నా ఈతకొలను పక్కన వేన్నీళ్ళ తొట్టిలోనే తేలుతుంది. తెల్లవారగానే మగాళ్ళు మెడదాకా నీళ్ళలో కూర్చుంటారు. క్లబ్బు అధ్యక్షుడు మార్టేన్, ఒకప్పుడు చేపల ఓడకి కెప్టెన్. మా కోచ్ ఊల్వార్, బళ్ళో ఈత మాస్టారు. ఇంకా ఓ ముగ్గురు. కాట్లాకి ముప్ఫై అయిదు దాటాయి, మూడో కాన్పయింది, ఆదివారం సొంతూళ్ళో జరిగే ఆటలో ఘనంగా సాగనంపుదాం అన్నారెవరో. బాగుందన్నారు అందరూ. ఆమెని ఊల్వార్ అడిగే ఉంటాడని మార్టేన్ అనుకున్నాడు. మార్టేన్ అడిగే ఉంటాడని ఊల్వార్ అనుకున్నాడు. ఇద్దరూ అడిగే ఉంటారని మిగతావాళ్ళు అనుకున్నారు. లేచి తువ్వాళ్ళు చుట్టుకునేసరికి బ్యాండు, కేకు, పూలు అన్నీ ఖాయమైపోయాయి. మధ్యాహ్నానికి క్లబ్బు ఫేస్‌బుక్ పేజీలో కాట్లా ఫోటో, కింద ధన్యవాదాలు. చూసినవాళ్ళకి మనిషి పోయిందేమో అనిపించేటట్టు పెట్టారు.

ఈ మనిషి సంగతి కొంచెం చెప్పాలి. అసలు పేరు థోర్‌కాట్లా. మా చిన్నప్పుడు ఊళ్ళో గడ్డి మైదానం లేదు, నల్ల కంకర మైదానమే. పడితే మోకాలి చర్మం అక్కడే వదిలేసి లేవాలి. ఆడపిల్లల జట్టు లేదంటే మగపిల్లలతో ఆడింది. వాళ్ళు బంతి ఇవ్వకపోతే లాక్కుంది. పదహారేళ్ళకి రాజధానిలో ఓ క్లబ్బు తీసుకుంది, తర్వాత స్వీడన్ వెళ్ళింది, దేశం జట్టుకీ ఆడింది. స్వీడన్‌లో మోకాలు పోయినప్పుడు డాక్టరు ఇక చాలన్నాడు. ఏడాది తిరక్కుండా ఆ కాలితోనే గోలు కొట్టింది. మొదటి బిడ్డ కడుపున పడ్డాక అక్కడి క్లబ్బు ఒప్పందం పొడిగించలేదు. ఊరికొచ్చి, పగలు బడి బస్సు తోలుతూ సాయంత్రాలు మాతో చిన్న లీగులో ఆడటం మొదలుపెట్టింది. ప్రాక్టీసు జరుగుతున్నంతసేపూ పిల్లబండి మైదానం పక్కన చలిగాలిలో ఉండేది, లోపల పిల్ల హాయిగా నిద్రపోయేది, మా దగ్గర పిల్లల్ని అలా బయట పడుకోబెట్టడం అలవాటే. లేచి ఏడిస్తే మా గోల్‌కీపర్ వెళ్ళి ఊపేది. కాట్లా ముందుంటే గోల్‌కీపర్‌కి పెద్దగా పనుండదు.

ప్రతిసారీ ఎవరో ఒకరు ఈమె పని అయిపోయిందన్నారు. ఆమె మాత్రం ఒక్కసారీ అనలేదు.

ఇందులో నా చిక్కొకటుంది. ఆమె మైదానం దిగిపోతే ఆ చోటికి వచ్చేది మా ఐడిస్, నా కూతురు. పదిహేడేళ్ళది. మొదటి నాలుగడుగుల్లోనే డిఫెండర్లని వదిలించుకుంటుంది. అలాంటి పిల్ల రెండు సీజన్లుగా బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటోంది. కాట్లాని చెప్పకుండా పంపించేస్తున్నారంటే నాకు ఒళ్ళు మండింది. ఐడిస్ ఆడబోతోందంటే కడుపు నిండింది. రెండూ నిజమే, ఏం చెయ్యమంటారు. ఆ సాయంత్రం ఐడిస్‌ని కదిలించి చూశాను.

"నాకు ఆడాలనుందమ్మా. కానీ ఆవిణ్ణి గెంటేసి నన్ను పెడితే, ఆ చోట్లో నాకు కాలు కదలదు," అంది.

మర్నాడు పొద్దున్నే కాట్లా తొట్టికి బయల్దేరింది. నన్నూ లాక్కెళ్ళింది. ఆ వేళప్పుడు ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా రాసిలేదు, కానీ ఎవరూ రారు. మార్టేన్ రోజూ కూర్చునే మూల ఒకటుంది, నీళ్ళు వేగంగా వచ్చి వీపుకి తగిలే చోటు. కాట్లా పోయి అక్కడే కూర్చుంది. మార్టేన్ వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, పొట్ట మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడిపోయాడు.

"నేను మానేస్తున్నానని నీకెవరు చెప్పారు మార్టేన్?" అంది కాట్లా.

మార్టేన్ ఊల్వార్ వైపు చూశాడు. ఊల్వార్ మార్టేన్ వైపు చూశాడు. మిగతావాళ్ళు నీళ్ళలోకి చూశారు. ఆమెని ఎవరూ అడగనేలేదని అప్పటికి గాని ఎవరికీ అర్థం కాలేదు. పొరపాటే అనేసి ఊరుకుంటే బాగుండేది. కానీ ఓడ నడిపినవాడికి పొరపాటన్న మాట నోట్లోంచి రాదు.

"అమ్మాయ్, అంతా నీ మంచికే కదా," అన్నాడు.

"అమ్మాయేంటి? నాకో పేరుంది. ప్రెసిడెంటునే పేరు పెట్టి పిలిచే దేశం మనది."

మార్టేన్ సర్దిచెప్పబోయాడు. బ్యాండు వాళ్ళు పక్క ఊరినుంచి వస్తున్నారు, కేకు చెప్పేశాం, పేపరు వాళ్ళనీ పిలిచాం, ఇప్పుడు కాదంటే క్లబ్బు పరువు పోతుంది అన్నాడు. గంటసేపు ఆడి, పూలు పట్టుకుని నవ్వితే పోయేదేముంది అని కూడా అన్నాడు.

"పోయేది నేను," అంది కాట్లా.

ఊల్వార్‌కి పౌరుషం వచ్చింది. ఎవరాడాలో, ఎవరు దిగిపోవాలో చెప్పేది కోచే అన్నాడు. అరవయ్యో నిమిషంలో నీ అంకెతో బోర్డు ఎత్తుతాను, నువ్వు బయటికొస్తావు, బ్యాండు మోగుతుంది, అంతే అన్నాడు.

"దింపడం నీ పనే, కాదనను," అంది కాట్లా. "ఆట బాలేదని దింపు, నోరు మూసుకుని దిగుతాను. పూలిచ్చి దింపితే మాత్రం దిగను."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. పంతానికి అంటోంది, బ్యాండు మోగితే మెత్తబడుతుంది అనుకున్నారు.

ఆదివారం ఆటకి ఊరంతా కదిలింది. సముద్రం మీంచి ఈదురుగాలి. మా ఊళ్ళో మైదానం చుట్టూ కార్లు ఆపుకుని, వేడి కాఫీతో లోపలే కూర్చుని ఆట చూస్తారు. గోలు పడితే చప్పట్లు ఉండవు, హారన్లు ఉంటాయి. మొదటి సగంలో కాట్లా గోలు కొట్టింది. కార్నర్ నుంచి వచ్చిన బంతిని, ఇద్దరు మీద పడుతున్నా తలతో లోపలికి తోసింది. హారన్లు మోగాయి. కాసేపటికి అవతలివాళ్ళూ ఒకటి కొట్టి సమం చేశారు. అది నా వైపునుంచే వచ్చింది, దాచేదేం లేదు. నా మోకాలు వేసవి మొదలైనప్పటినుంచీ సహకరించడం లేదు.

అన్నట్టుగానే బోర్డు లేచింది. ఎర్రంకెల్లో తొమ్మిది, కాట్లా జెర్సీ మీది అంకె. గీత దగ్గర ఐడిస్ కోటు విప్పేసి, పొట్టి చేతుల జెర్సీలో వణుకుతూ నిలబడింది. బ్యాండు వాళ్ళు బాకాలు నోటికి పెట్టుకున్నారు. మార్టేన్ పూలగుత్తి పట్టుకుని, నవ్వు సిద్ధం చేసుకున్నాడు.

కాట్లా మైదానం మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని, బోర్డుకి వీపు తిప్పి నిలబడింది.

రెఫరీ ఓ పడుచుపిల్ల, ఉత్తరంనుంచి వచ్చింది. దగ్గరికెళ్ళి అడిగింది. దిగనంది కాట్లా. ఊల్వార్ గీత దగ్గర గొంతు చించుకున్నాడు, ఆమెని బయటికి పంపమన్నాడు. ఆ పిల్ల నిదానంగా వచ్చి, దిగాల్సినామె దిగనంటే నేను బలవంతం చెయ్యకూడదు, ఆట సాగించాలి, నియమం అదే, మిగతాది మీ ఇంటి గొడవ అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ నియమం కాట్లాకి ముందే తెలుసు. మా కోచ్‌కి తెలియదు.

అన్ని కార్లున్నాయి, ఒక్కటీ పలకలేదు. ఊరంతా ఆమెని తప్పుపడుతోందనిపించి నాకు ఏడుపొచ్చింది. కాట్లా తల దించుకోలేదు. ఎవరూ తోడు రాకపోయినా ఆమె దిగేది కాదు. అది నాకు తెలుసు, అందుకే మరీ బాధ.

ఇంతలో మూలనున్న ఎర్ర కారు హారన్ కొట్టింది. అందులో ఉన్నది చేపల ఫ్యాక్టరీలో నాతో పనిచేసి రిటైరైన ముసలావిడ. ఫుట్‌బాల్‌లో ఆవిడకి ముక్క తెలియదు. ఆపకుండా కొట్టింది. దాని వెనక ఓ ట్రాక్టరు. తర్వాత ఒక వరసంతా. ఇక చుట్టూ అన్నీ. బ్యాండు వాళ్ళు బాకాలు దించేసి, వాళ్ళూ నవ్వడం మొదలుపెట్టారు.

కానీ ఐడిస్ ఇంకా వణుకుతూనే ఉంది. నేను ఊల్వార్ దగ్గరికి నడిచి, నన్ను దింపు, మోకాలు పనిచెయ్యట్లేదు అన్నాను. అతను ఉన్న అయోమయంలో సరేనన్నాడు. నా అంకెతో బోర్డు లేచింది. కాట్లా మైదానం అడ్డంగా పరిగెత్తుకొచ్చింది.

"నువ్వెందుకే దిగుతున్నావు? వాళ్ళకి భయపడా?"

"నాకు దిగాలనిపించింది కాబట్టి. నన్నెవరూ దించలేదు."

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నా భుజం మీద గట్టిగా చరిచి వెళ్ళిపోయింది. నా కూతురు నా చేతిని తాకి లోపలికి పరిగెత్తింది. నాకు బ్యాండు లేదు, పూలు లేవు, హారన్ కూడా లేదు. బెంచీ మీద కూర్చుని కోటు కప్పుకుని, ఇద్దరు స్ట్రైకర్లతో మా జట్టు ఎట్లా ఆడుతుందో మొదటిసారి బయటినుంచి చూశాను. ఐడిస్ పక్కనుంచి దూసుకుపోయి బంతి ఇచ్చేది, కాట్లా కొట్టేది. ఒకటి అవతలి గోల్‌కీపర్ ఆపింది. ఐడిస్ కొట్టిందొకటి స్తంభానికి తగిలింది. గెలవలేదు, సమంగానే అయింది.

విజిల్ పడ్డాక మార్టేన్ మైకు పట్టుకుని మింగలేక కక్కలేక మైదానంలోకి వచ్చాడు. పేపరతను ఫోటో కోసం కెమెరా ఎత్తాడు. కాట్లా మైకు లాగేసుకుంది.

"మానేసే రోజున నేనే చెప్తాను," అంది. "తొట్టిలో చెప్పను, ఇక్కడే చెప్తాను. వచ్చే శనివారం మనం కొండకవతల ఆడాలి, జట్టుకి ఒక కారు తక్కువైంది. మార్టేన్, నీ దాంట్లో నలుగురు పడతారు. ఆరింటికల్లా మా ఇంటి ముందుండు. పిల్ల సీటు నేను తెస్తాను."