ఒక పాలు తొక్కపొడి

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే పెద్దకోడలి గుండె జారిపోయింది. రోజూ మేత గిన్నెల మీద పడి ఒకదాన్నొకటి తొక్కుకునే బ్రాయిలర్ కోళ్ళు రెక్కలు వేలాడేసి మూలల్లో ముడుచుకుని ఉన్నాయి. కింద పరిచిన ఊక చెప్పులకు బురదలా అంటుకుంది. రెట్ట నీళ్ళలా ఉంది.

కొంప మునిగిందనుకుంది.

దాణా ధర మండిపోతోందని, కర్రపెండలం పిండిమిల్లు వాళ్ళు పారబోసే తొక్కలు తెచ్చి కోళ్ళకు పెడదామన్నది ఆమే. పచ్చి తొక్కలో విషం ఉంటుంది. నానబెట్టి, విరిస్తే టప్‌మనేదాకా ఎండబెట్టి, పొడి కొట్టి దాణాలో కలపాలి. మామగారు ఒప్పుకున్నారు గానీ ఒక మాట అన్నారు: "తొక్కలు తిని ఒక్క కోడి తల వాల్చిందో, షెడ్డు తాళంచెవి నా మొలలో ఉంటుంది. నువ్వు వంటింట్లో ఉంటావు."

మొదటి సంచి తొక్కలు గలగలలాడేలా ఎండాయి. రెండో సంచి ఆరబోసిన నాడు మబ్బు పట్టింది. నిన్న తను మిల్లుకి వెళ్ళినప్పుడు తోడికోడలు ఏ సంచిలోది వేసిందో!

పశువుల డాక్టరు వచ్చేసరికి మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చెయ్యి మొల దగ్గరే ఉంది.

"తొక్క విషమేనా డాక్టరుగారూ?" అడిగింది పెద్దకోడలు.

"విషమైతే నేను వచ్చేదాకా ఆగవమ్మా. ఎప్పుడో వరసగా పడిపోయేవి." ఆయన మేత గిన్నె మీదికి వంగి ముక్కు మూసుకున్నాడు. "ఇదేంటి, తోడేసినట్టు పులిసిపోయింది?"

"పాలండీ," అంది చిన్నకోడలు వెనకనుంచి. "నిన్న మధ్యాహ్నం, సాయంత్రం, రెండుసార్లూ కలిపాను."

"పాలా! ఎవరు కలపమన్నారు?"

"అక్కే. మిల్లుకి వెళ్తూ 'దాణాలో తొక్కపొడి, ఒక పాలు కలుపు' అంది. చెంబుడు ఏ మూలకని బిందెడు పోశాను."

పెద్దకోడలు నెత్తి కొట్టుకుంది. "ఆ పాలు కాదే తల్లీ! పాలంటే భాగం. పది డబ్బాల్లో ఒక డబ్బా!"

"నాకేం తెలుసక్కా? తొక్క చేదు కదా, చంటిపిల్లలకి మందు పాలలో రంగరించినట్టేమో అనుకున్నా."

"కోళ్ళకి పాలు పట్టారా! రేపు ఉయ్యాల కూడా కట్టండి," అన్నారు మామగారు.

డాక్టరు నవ్వాడు. గిన్నెలు కడిగి, ఊక మార్చి, మంచినీళ్ళు పెట్టమన్నాడు. సాయంత్రానికి తేరుకుంటాయన్నాడు. అందరూ నవ్వారు. పెద్దకోడలికి మాత్రం నవ్వు రాలేదు.

"మరి తొక్కపొడి ఎంత వేశావే?"

"మొదటి సంచిలోది, గుప్పెడు. విషం విషం అంటుంటే చెయ్యాడలేదక్కా."

గుప్పెడే! అంటే కోళ్ళు తొక్క తిన్నట్టే కాదు. ఆమె మూలనున్న రెండో సంచి మూతి విప్పింది. ఇవాళ తన చేత్తో పొడి కొట్టి కలపాలనుకున్నది అదే. ఒక ముక్క తీసి విరిచింది. టప్‌మనలేదు. తోలుముక్కలా వంగింది. ఇంకోటి తీసింది. అదీ వంగింది.

సంచి మూతి మళ్ళీ కట్టేస్తే ఎవరికీ తెలియదు. మామగారు చూస్తూనే ఉన్నారు.

"ఇవి ఎండలేదు మామయ్యా," అంది. "ఇవాళ ఇవే పెట్టబోయాను."

ఆయన ముక్క అందుకుని అటూ ఇటూ వంచి చూశారు. దాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టారు. తాళంచెవి మాత్రం అడగలేదు.

"మళ్ళీ ఎండలో ఆరబొయ్యి. విరిచినప్పుడు ఆ టప్పు నా చెవిన పడాలి. అప్పటిదాకా వీటిని కోళ్ళ దగ్గరికి రానివ్వను," అంటూ వెళ్ళిపోయారు.

పెద్దకోడలు ఊపిరి పీల్చుకుంది. "ఇక నీతో పాలు అనను. వంతు అంటాను," అంది తోడికోడలితో.

"వంతంటే, ఎవరి వంతక్కా?"

"నీ వంతే. ఆ చివర పట్టుకో, సంచి బయటికి లాగుదాం."