నో ఎంట్రీలో నిమ్మకాయలు

నరసరావుపేటలో లారీ మస్తాన్‌రావు పెళ్లాం శేషారత్నం అంటే ఎవరైనా చెప్తారు. ఆ శేషారత్నాన్ని నేనే. మా ఇంట్లో కొన్న ప్రతి లారీ మా గుమ్మం ముందే నిమ్మకాయలు తొక్కి రోడ్డెక్కింది. పోయినసారి ఒక్కదానికే, పగలు ఊళ్లోకి లారీలు రానియ్యట్లేదని, బైపాసులో పూజ కానిచ్చాం. అది కాస్తా మాచర్ల దారిలో బోల్తా కొట్టింది. నడుపుతున్న మా ఆయన బతికాడు గానీ, అప్పట్నుంచీ మళ్లీ స్టీరింగు ముట్టలా.

పోరుపెట్టి ఇంకో లారీ కొనిపించా. గుమ్మం ముందు ముహూర్తానికి కదిలితేనే నడుపుతా, లేకపోతే అమ్మేస్తా అన్నాడు. పంతులుగారేమో పొద్దున పదింటికి పెట్టాడు ముహూర్తం. ఎనిమిది దాటితే నో ఎంట్రీ. సరేలే అని, డ్రైవరు ఏసోబు చేత ముందే తెప్పించి గుమ్మం ముందు పెట్టించా. గెలిచాననుకున్నా.

టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే బీటు కానిస్టేబులు బెంజిమిన్ వచ్చాడు. మా వీధిలోనే పెరిగాడు, చెడ్డోడేం కాదు, రూలంటే రూలు. నిలబడి ఉన్నంతసేపు ఊరుకుంటా, రాత్రి ఎనిమిదిలోపు చక్రం కదిలిందో కేసు రాస్తా అని చెప్పి పోయాడు. ఒక్క అడుగే కదా నాయనా అన్నా వినలా. అడుగైనా ఆమడైనా ఒకటేనంట.

అప్పుడు చూడాలి మా ఆయన మొహం, బడికి సెలవిచ్చినట్టు వెలిగిపోయింది. పోలీసులే వద్దంటుంటే మనమేం చేస్తాం, అమ్మేద్దాంలే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. ఇంట్లో కూర్చుని కూర్చుని మనిషి సగమైపోయాడు.

పెరట్లో కోళ్లగూడు పక్కకి పోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని స్టేషనుకు ఫోను చేశా. నో ఎంట్రీ టైములో ఎవరో బుద్ధిలేనోళ్లు వీధికడ్డంగా లారీ పెట్టారు, మీరేం చేస్తున్నారయ్యా అని దులిపేశా. పేరడిగితే, చెప్తే ఆ లారీవాళ్లు నన్ను బతకనియ్యరన్నా. తర్వాత ఏసోబును టీ తాగి రమ్మని పంపించా.

పదవుతుండగా బెంజిమిన్ చెమటలు కక్కుతూ ఊడిపడ్డాడు. స్టేషన్లో అక్షింతలు బాగానే పడ్డట్టున్నాయి. లారీ తియ్యమన్నాడు. కదిలితే కేసన్నావుగా, తియ్యం అన్నా. డ్రైవరేడంటే మా ఆయన్ని చూపించా.

"నువ్వే ఎక్కు బాబాయ్. ముందు బండి తియ్యి."

మా ఆయన నా వంక చూశాడు. నేను కర్పూరం వెలిగించి కొబ్బరికాయ కొట్టా. ఎక్కాడు. నిమ్మకాయలు చితికాయి.

అక్కడే ఆపబోతే బెంజిమిన్ ఒప్పుకోలా. బైపాసు దాకా తనే దారి చేస్తానని బైకెక్కాడు. నేనూ లారీ ఎక్కి ఆయన పక్కన కూర్చున్నా. ముందు పోలీసు, వెనక మా లారీ, బజారంతా నోరు తెరుచుకుని చూసింది.

బైపాసులో బెంజిమిన్ నా కిటికీ దగ్గరకొచ్చాడు. స్టేషనుకొచ్చిన ఫోనులో మా కోడిపుంజు కూత కూడా వినపడిందంట. కేసు రాస్తావా ఏంది అని మెల్లగా అడిగా.

"రాస్తే ఫిర్యాదీ, ముద్దాయీ రెండూ నువ్వే అవుతావు పిన్నీ."

మా ఆయన ఇదేం వినట్లా. అద్దంలో వెనక్కి చూసుకుని, మాచర్ల రోడ్డు వైపు ఇండికేటరేశాడు.