ఎండాకాలపు బేరం

డోలినా తన ఇల్లు అమ్మకానికి పెట్టి రెండేళ్లయింది. గేటు పక్కన పాతిన బోర్డు గాలికి ఒరిగిపోతే నేనే వెళ్లి నిలబెట్టి వచ్చాను. మా రెండిళ్లకీ మధ్య గొర్రెల బీడు ఒక్కటే అడ్డం. ఆమె వాకిట్లో నిలబడితే ఎదురుగా సరస్సు, అవతల ఊదారంగు కొండలు. ఫొటోలు చూసినవాళ్లకి ప్రాణం లేచి వస్తుంది. కానీ ముసురులో ఎవరూ రారు. ఎండ కాస్తేనే కొనేవాళ్లు వస్తారు. ఎండ కాస్తేనే కొండ మీది ఊట కూడా ఎండుతుంది. ఆ ఇంటికి నీళ్లు వచ్చేది ఆ ఊట నుంచే.

అమ్మక తప్పదు. ఆమె భర్త లాఖ్లన్‌కి కిడ్నీలు రెండూ పోయాయి. డయాలిసిస్ కోసం వారానికి మూడుసార్లు ఇన్వర్నెస్ పట్నం ఆసుపత్రికి పోవాలి. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. నీళ్లకి భరోసా లేని ఇంట్లో డయాలిసిస్ యంత్రం పెట్టడం కుదరదన్నారు డాక్టర్లు. మొన్నటి చలికాలం మంచుకి దారి మూసుకుపోయి ఒక విడత తప్పింది. మనిషి ఉబ్బిపోయాడు. పడుకుంటే ఊపిరాడక వంటింటి బల్లకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు.

"ఇంకో చలికాలం ఇక్కడే ఉంటే ఈయన నాకు దక్కడు, ఎఫీ" అంది డోలినా నాతో.

ఆ జూన్‌లో చినుకన్నది లేదు. శనివారం దక్షిణాన పెర్త్ పట్నం నుంచి ఒక జంట ఇల్లు చూడటానికి వస్తామన్నారు. ఆ ఉదయమే డోలినా కుళాయి తిప్పితే అది దగ్గింది, గుక్కెడు బురద కక్కింది, ఆగిపోయింది.

నేను కిటికీలోంచి చూసేసరికి ఆమె రెండు బకెట్లతో సరస్సు నుంచి గట్టెక్కుతోంది. అరవై దాటిన మనిషి. పరుగున వెళ్లాను.

"ఏం చేస్తున్నావే?"

"ట్యాంకు నింపుతున్నా."

"ఆ నీళ్లా? గొర్రెలు దిగి తాగే నీళ్లే అవి!"

"వాళ్లేం తాగుతారా? కుళాయి తిప్పి చూసి పోతారు. నోటి సాయం చాలుగానీ చేతి సాయం చెయ్యి."

ఇద్దరం మోశాం. ట్యాంకుకి బిగించిన వడపోత డబ్బా బురదతో పూడుకుపోతే డోలినా దాన్ని విప్పి గడ్డిలోకి విసిరేసింది. లాఖ్లన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. ముందురోజే ఆసుపత్రికి వెళ్లి వచ్చాడు, లేచి నిలబడే ఓపిక కూడా లేదు.

"నువ్వు పడ్డావంటే నన్నెవరు తీసుకెళ్తారే?"

"పడను. నువ్వు మాత్రం వాళ్ల ముందు నోరు విప్పకు."

ఆ జంట వచ్చారు. అబ్బాయి పేరు ఇనిస్, అమ్మాయి పేరు గ్రీర్, ఆమె చంకలో పాలుతాగే పిల్ల. డోలినా స్కోన్లు, అంటే చిన్న తియ్య రొట్టెలు, చేసి పెట్టింది. వాళ్లు గదులు చూశారు, కిటికీ దగ్గర నిలబడి ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకున్నారు. ఇనిస్ కుళాయి తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి.

"రంగు కాస్త..." అన్నాడు.

"మా నీళ్లు టీ రంగేనయ్యా. మా తాతల కాలం నుంచీ అంతే" అంది డోలినా.

"మాకు చాలా నచ్చిందండీ. అడిగిన ధర ఇచ్చేస్తాం" అన్నాడు ఇనిస్.

డోలినా బల్ల అంచు పట్టుకుంది. లాఖ్లన్ కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పిల్ల ఏడుపు అందుకుంది. గ్రీర్ సంచిలోంచి పాలసీసా తీసి పాలపొడి వేసి, ఫ్లాస్కులోని వేడినీళ్లు కాసిని పోసి, "కాస్త చల్లార్చాలి" అంటూ సీసా కుళాయి కింద పట్టింది.

డోలినా వైపు చూశాను. ఆమె కదల్లేదు. గ్రీర్ మూత బిగించి సీసా గిలక్కొట్టింది. పిల్ల చేతులు చాపింది.

"ఇవ్వకమ్మా!" డోలినా ఒక్క దూకున వెళ్లి సీసా లాగేసుకుంది. "అవి సరస్సు నీళ్లు. మా ఊట ఎండిపోయింది. పొద్దున నేనే మోసి పోశాను."

గ్రీర్ పిల్లని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగింది. ఇనిస్ మొహం ఎర్రబడింది. "మేం మీ మాట నమ్మాం" అన్నాడు, అంతే. కారు వెళ్లిపోయింది. స్కోన్లు బల్ల మీద అలాగే ఉన్నాయి.

లాఖ్లన్ అన్నాడు. "ఇక ఆసుపత్రికి నేను రాను. అప్పుడు ఇల్లమ్మే పనీ ఉండదు, నువ్వు ఎవరికీ అబద్ధం చెప్పే పనీ ఉండదు."

"నేను నీళ్లు మోసింది నువ్వు బతకాలనిరా, మొండి వెధవా!" డోలినా చేతిలోని సీసా గోడకేసి కొట్టింది. తర్వాత అతని కాళ్ల దగ్గర కూలబడి, ఆ మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. అతను ఆమె జుట్టు నిమురుతూ ఉండిపోయాడు. సోమవారం మాత్రం మారుమాట లేకుండా కారెక్కాడు.

బేరాలు చూసే ఏజెంటుకి డోలినా ఫోన్ చేసి, వేసవిలో నీళ్లు ఉండవని ప్రకటనలో రాయమంది.

"అలా రాస్తే కాకి కూడా వాలదండీ."

"రాయి నాయనా."

అతను రాశాడు. ఆగస్టు గడిచింది, ఎవరూ రాలేదు. సెప్టెంబరులో వానలు పట్టుకున్నాయి. మొదటి మంచు పడకముందే వాళ్లు ఇంటికి తాళం వేసి, ఇన్వర్నెస్‌లో ఆసుపత్రి వెనక ఒంటిగది అద్దెకి తీసుకున్నారు. కిటికీ తెరిస్తే ఇటుక గోడ తప్ప ఏమీ కనిపించదట. అద్దె ఎన్నాళ్లు కట్టగలరో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆదివారాలు డోలినా ఫోన్ చేస్తుంది. లాఖ్లన్ ఎలా ఉన్నాడని నేను అడిగేలోపే ఆమె అడుగుతుంది.

"గేటు దగ్గర ఏదైనా కారు ఆగిందా, ఎఫీ?"

"లేదే" అంటాను.