కామాక్షి అడిగిన రెండో గది

ఇరవై రెండేళ్లు నా డబ్బాలో చెయ్యి పెట్టి తిన్న మనిషి, నాతో ఒక గదిలో పడుకోనంది. నా కోపం అందుకు. మా ఆయన దయాకర్‌కి అది అర్థం కాలేదు. హోటల్ రేటు దగ్గర ఇద్దరాడవాళ్లు కొట్లాడుకున్నారని అపార్ట్‌మెంట్లో కనబడ్డ వాళ్లందరికీ చెప్పాడు.

కామాక్షి, నేను ఒకే స్కూల్లో పనిచేశాం. ఆమె లెక్కల టీచరు, నేను ఆఫీసులో క్లర్కు. టీచర్లకు స్టాఫ్ రూములో పెద్ద బల్ల ఉండేది. ఆఫీసువాళ్లం బీరువాల మధ్య ఇంత చోటు చేసుకుని తినేవాళ్లం. ఆమె చేరిన రెండో వారమే తన డబ్బా పట్టుకుని బీరువాల మధ్యకు వచ్చేసింది. అక్కడ అందరూ పిల్లల మార్కులే మాట్లాడుతున్నారు, ముద్ద దిగట్లేదు అంది. ఆమెది భీమవరం వైపు. నా సర్వపిండిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అట్టా, అప్పమా, ముందు తేల్చి చెప్పు" అంది. తేల్చేలోపే సగం తినేసింది. అప్పట్నుంచి మా ఇద్దరికీ ఒకటే భోజనం.

ఈ మార్చిలో ఇద్దరం ఒకేసారి రిటైరయ్యాం. రిటైరయ్యాక ఇద్దరమే విశాఖపట్నం వెళ్లి నాలుగు రోజులు సముద్రం ముందు కూర్చోవాలని ఎప్పట్నుంచో అనుకున్నాం. మొగుళ్లు వద్దు, పిల్లలు వద్దు, పొద్దున లేచి ఎవరికీ టిఫిన్ చేసే పని వద్దు. సికింద్రాబాద్‌లో పొద్దున బయల్దేరే బండికి టికెట్లు నేనే తీశాను. కిటికీ సీటు ఆమెకి. ఇక మిగిలింది హోటలే.

యాప్రాల్‌లో వాళ్ల ఫ్లాట్‌లో కూర్చుని ఫోన్లో వెతకడం మొదలుపెట్టాం. నేను స్టేషన్ దగ్గర లాడ్జి ఒకటి చూపించాను. రోజుకు తొమ్మిది వందలు.

"ఆ గోడలు చూడవే స్వర్ణా! సున్నం వేసి ఎన్నేళ్లయిందో."

"గోడలు నాకుతమా ఏంది? పొద్దంత సముద్రం కాడ్నే ఉంటం. గది పండుకోనీకే గదా."

ఆమె ఇంకొకటి చూపించింది. నాలుగున్నర వేలు. స్నానాల గదిలో తెల్లటి నీళ్ల తొట్టి కూడా ఉంది.

"గీ తొట్ల నేను దిగితే లేపనీకి మళ్ల ఇద్దరు మనుషులు గావాలె," అన్నాను.

వాళ్లాయన బుల్లబ్బాయి గారికి రాణిగంజ్‌లో పంపుసెట్ల షాపుంది. నాలుగున్నర వేలు ఆమెకు పెద్ద సంగతి కాదు. మాకేమో దయాకర్ రైల్వే పెన్షను, దాని మీద ఫ్లాటు వాయిదా. "పోనీ తేడా నేను పెట్టుకుంటానే" అంది. "అట్లయితే నేను రానే రాను" అన్నాను. నా సంగతి తెలుసు కనుక ఆ మాట అక్కడితో వదిలేసింది. తర్వాత గంటసేపు తోటకూర కట్ట బేరమాడినట్టు బేరమాడుకున్నాం. నేను మెల్లగా పైకెక్కాను, ఆమె మెల్లగా కిందికి దిగింది. చివరికి రెండువేల రెండువందల దగ్గర కలుసుకున్నాం. నేను లాడ్జి వదిలేశాను, ఆమె తొట్టి వదిలేసింది. లిఫ్టుంది, వేణ్నీళ్లున్నాయి, చిన్న బాల్కనీ ఉంది. బాల్కనీలోంచి సముద్రం సగమే కనిపిస్తుంది, మిగతా సగానికి ఎవరిదో మేడ అడ్డం.

"సగం సముద్రం సాల్తది తియ్యి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు నిజంగా సంతోషమేసింది.

అప్పుడు కామాక్షి ఫోన్లోకి చూస్తూనే, "అయితే రెండు గదులు తీసుకుందాం" అంది.

"రెండెందుకే? ఇంకెవరన్న వస్తున్నరా?"

"ఎవరూ రారు. నీకొకటి, నాకొకటి. ఎవరి గది వాళ్లకుంటే హాయి కదా." నా మొహం చూడలేదు. పైగా, "ఆ రెండో గది డబ్బు నేనే ఇస్తాలే" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది.

"అట్లనే టీచర్. మీకొకటి, ఆఫీసోళ్లకొకటి," అని చెప్పులేసుకున్నాను. కోపమొస్తేనే నేనామెను టీచర్ అంటాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వెనక నుంచి పిలుస్తూనే ఉంది. నేను లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి, ఆటో ఎక్కి కాప్రా వచ్చేశాను.

అసలే నాకు నిద్ర కరువు. దయాకర్ రిటైరయ్యాక లాలాగూడ రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి కాప్రాలో ఈ ఫ్లాటు కొనుక్కుని పదకొండు నెలలైంది. చీమ చిటుక్కుమన్నా వినబడేంత ప్రశాంతంగా ఉంటుంది. వచ్చినవాళ్లంతా ఎంత అదృష్టవంతులమ్మా అంటారు. నాకు మాత్రం వచ్చిన రోజు నుంచీ సరిగ్గా కన్ను మూతపడలేదు. డాక్టరు వయసు అన్నాడు, సగం మాత్ర వేసుకోమన్నాడు, నడవమన్నాడు. చెరువు చుట్టూ నడిస్తే కాళ్లనొప్పులొచ్చాయి గానీ నిద్ర రాలేదు. దయాకర్ పడుకుంటే ఊపిరి చప్పుడు కూడా ఉండదు. ఉన్నాడా లేడా అని నేనే తట్టి చూస్తుంటాను.

ఇప్పుడు ఆ రెండో గది కూడా వచ్చి నెత్తిన కూర్చుంది. కామాక్షి మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు.

"రెండు గదులైతే నష్టమేంది? ఆమె దగ్గర పైసలున్నయి, తీస్కుంటది," అన్నాడు దయాకర్.

"నీకు తెల్వది, నువ్వు ఊకో."

తెలిసింది నాకు మాత్రం ఏముంది? అన్నం దగ్గర అడ్డురాని క్లర్కుతనం పడక దగ్గర అడ్డొచ్చిందా? నా తలనూనె వాసన పడదా? ఒకరోజు నా దిండు నేనే తీసి వాసన చూసుకున్నాను. అలా చూసుకున్నందుకు ఇంకా కోపమొచ్చింది. టికెట్లు రద్దు చేద్దామని రెండుసార్లు ఫోను తీశాను. వేలు ఆడలేదు.

బండి ఇంకా మూడు రోజులుందనగా, వానపడే మధ్యాహ్నం ఒకటిన్నరకు బెల్లు మోగింది. కామాక్షి. ఒక చేతిలో కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో పెద్ద స్టీలు డబ్బా.

"కందిపొడి, కరివేపాకు పొడి కొట్టాను. రైల్లోకి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మన రైలు ఇంకా ఉంది కదే?"

"లోపటికి రా టీచర్," అన్నాను.

ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పోట్లాడడం నాకు చేతకాదు. పెట్టాను. ఇద్దరం తిన్నాం. పప్పులు వేయించడానికి నాలుగింటికే లేచానని ఒక్క ముక్క మాత్రం అంది. కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. తిన్నాక, "కూసో, చాయ్ పెడ్త" అని లోపలికెళ్లాను. చాయ్ ఇచ్చి, సూటిగా అడిగెయ్యాలని నిశ్చయించుకున్నాను. ఎందుకు రెండు గదులు, ఏం తక్కువ నాలో అని.

కప్పులతో బయటికొచ్చేసరికి సోఫాలో తల వెనక్కి వాల్చి నిద్రపోతోంది.

ముందు కింద బోరు మోటారు వేశారనుకున్నాను. కాదు. ఆ చప్పుడు కామాక్షిదే. ఇంత బక్కమనిషిలోంచి అంత గురక ఎలా వస్తుందో దేవుడికే తెలియాలి. గొంతులో సన్నగా మొదలై, మెల్లగా ఎత్తుకుని, పైకంటా పోయి ఒక్కసారిగా ఆగిపోతోంది. ఇక అయిపోయిందిలే అనుకునేలోపు గూడ్సు బండి డబ్బాలు ఒకదానికొకటి తగులుకున్నట్టు దబదబమని కిందికి దిగుతోంది. కిటికీలు అదిరాయంటే అబద్ధం. కప్పులో చెంచా మాత్రం కదిలిందని ఒట్టేసి చెబుతాను.

లేపుదామని ఎదురు కుర్చీలో కూర్చున్నాను. ఈ ఒక్కటీ దిగనీ, ఈ ఒక్కటీ దిగనీ అనుకుంటున్నాను. లాలాగూడలో మా వంటింటి వెనక గూడ్సు బళ్లు ఇలాగే కదా డబ్బాలు తగిలించుకునేవి అనిపించింది. నాకు గుర్తున్నది అంతవరకే.

కళ్లు తెరిచేసరికి చాయ్ మీద మీగడ కట్టింది. గడియారంలో ఐదూ పది. రెండున్నర గంటలు! మెడ పట్టేసింది, చెంప తడిగా ఉంది, ఒళ్లంతా దూదిలా తేలిగ్గా ఉంది. ఎదురుగా కామాక్షి సోఫా అంచున బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను లేచే దాకా ఉందామా, లేవకముందే పోదామా అన్నట్టుంది.

"నేను... చప్పుడు చేశానా?"

"చేసినవ్."

ఆ ఒక్క మాటకే ఏడ్చేసింది. ఇరవై రెండేళ్లలో ఆమె ఏడవడం నేను చూడలేదు.

"అందుకేనే రెండు గదులన్నాను," అంది.

అప్పుడు చెప్పింది. మూడేళ్ల కింద భీమవరంలో వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లికి ఆడవాళ్లంతా కల్యాణమండపం హాల్లో పడుకున్నారట. ఎవరో ఈమె గురకను ఫోన్లో రికార్డు చేసి బంధువుల గ్రూపులో పెట్టారట. తెల్లారి లేచేసరికి నలభై మూడు మంది నవ్వు బొమ్మలు పంపారట. ఇదేం ట్రాక్టరమ్మా అని ఒకరు అడిగారట.

"మా ఆయన కూడా నవ్వు బొమ్మ పెట్టారే," అంది. "మిగతావాళ్లు పెట్టారంటే సరే."

ఆ తర్వాత ఆమె ఎవరింట్లోనూ నిద్రపోలేదు. కూతురు సింధూర వాళ్ల అత్తారింటికి తను వెళ్లినప్పుడు రాత్రంతా కుర్చీలో కూర్చుని తెల్లారించిందట.

"నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పను? చెప్తే నువ్వు కూడా నవ్వుతావేమోనని."

నాకు సిగ్గేసింది. ఈమె అడిగింది గది కాదు, మా ఇద్దరి మధ్య ఒక గోడ. ఆ గోడ కోసం రోజుకు రెండువేల రెండువందలు పొయ్యడానికి సిద్ధపడింది పిచ్చిది. నేనేమో ఆమె గురించి ఒక్కసారీ ఆలోచించకుండా నా దిండు వాసన చూసుకుంటూ తొమ్మిది రోజులు మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

"కామాక్షీ, నేను సుత పండుకున్న," అన్నాను. "రెండున్నర గంటలు. గీ ఇంటికొచ్చినంక ఇట్ల పండుకున్నది ఇయ్యాల్నే."

"ఊరుకో, నా మనసు కష్టపెట్టకూడదని చెప్తున్నావు."

ఆమె నమ్మేది కాదు. అంతలో లోపలి గదిలోంచి దయాకర్ వచ్చాడు. తన తాళంచెవితో తలుపు తీసుకుని ఎప్పుడొచ్చాడో నాకైతే తెలియదు.

"నిజమే కామాక్షమ్మా. నేనొచ్చి గంటయింది. కూరగాయల సంచి పడేసిన, చెంబు పడేసిన, ఈమె కదల్లే. మీరు రోజు మధ్యాహ్నం జెర వచ్చిపోన్రి. మాకు నిద్ర గోలీల ఖర్చు మిగుల్తది."

కామాక్షి ఏడుపులోనే నవ్వింది. ముక్కు చీదుకుని, "ఏదీ, ఆ చల్లారిన చాయే ఇవ్వు" అంది.

నేను మళ్లీ వేడిచేసి తెచ్చాక, ఆమె ముందే హోటల్‌కి ఫోన్ చేశాను. రెండు మంచాలున్న గది ఒక్కటే కావాలన్నాను. లోపలివైపు గది ఇస్తాం మేడమ్, చాలా ప్రశాంతంగా ఉంటుంది అన్నాడతను.

"మీరు ఏదిచ్చినా ఫికర్ లేదు. చప్పుడు సంగతి మేం చూస్కుంటం," అన్నాను. కామాక్షి నా తొడ మీద గిల్లింది.

శుక్రవారం పొద్దున సికింద్రాబాద్ స్టేషన్లో కొత్త కట్టడాల కోసం తవ్వి పెట్టిన గోతులు దాటుకుని, సామాను మోసుకుని, ఆయాసపడుతూ బండెక్కాం. భువనగిరి వచ్చేసరికి కామాక్షి కళ్లు వాలిపోతున్నాయి. పాపం, ప్రయాణమంటే ఆమెకు ముందురోజు నిద్ర పట్టదు. నీళ్లు తాగింది, మొహం తుడుచుకుంది, కిటికీలోంచి స్టేషన్ల పేర్లు చదివింది, తన చెయ్యి తనే గిల్లుకుంది.

"పండుకోరాదే," అన్నాను.

"ఇంతమంది ఉన్నారే."

"నేనున్న గదా."

జనగామ దాటేసరికి ఓడిపోయింది. సన్నగా మొదలైంది, మెల్లగా ఎత్తుకుంది. ముందు వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మా ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి, భార్యను మోచేత్తో పొడిచి, జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"ఏందన్నా, ఫోన్ లోపల పెట్టు," అన్నాను. ఆయన పెట్టేశాడు. ఇక నవ్విన వరసల వైపు చూసి, అందరికీ వినబడేట్టు చెప్పాను. "మా దోస్త్ నిద్రపోతున్నది. జెర మెల్లగ మాట్లాడున్రి."

పెట్టె అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో కామాక్షి ఒక్కతే మోగుతోంది. నేను కూర్చుని, ఆమె కొంగు భుజం మీదికి సర్ది, ఆ భుజం మీదే తల ఆనించాను. కాజీపేట ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.