ఆఖరి విమానంలో ఒక్క సీటు

అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ కేన్సర్ వార్డులో నర్సుగా చేసి రిటైరయింది. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక ఓ కొత్త పని ఒప్పుకుంది. ఎవరో దానం చేసిన స్టెమ్ సెల్స్ అనే మూలకణాల సంచిని చల్లటి పెట్టెలో పెట్టుకుని విమానమెక్కి, ఎక్కడో దూరదేశంలో ఉన్న ఆసుపత్రికి అందజేయాలి. ఇచ్చేదెవరో, పుచ్చుకునేదెవరో ఆవిడకు చెప్పరు. అవతల రోగి సొంత ఎముక మజ్జను మందులతో అప్పటికే తుడిచేసి ఉంటారని మాత్రం తెలుసు. పెట్టె వేళకు చేరకపోతే ఆ మనిషికి వెనక్కి దారి లేదు.

ఈసారి ఆవిడ బయల్దేరిన ఊరికీ పెట్టె చేరాల్సిన ఊరికీ మధ్య నేరుగా ఎగిరితే తొమ్మిది గంటల దూరం. కానీ నేరుగా వెళ్లే విమానమే లేదు. దారిలో ఒకచోట దిగి, మారి, కాచుక్కూర్చుంటే మొత్తం పదహారు గంటలు.

పక్క సీట్లో ఓ లారీ డ్రైవరు కూర్చున్నాడు. భారీ మనిషి. పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకున్నాక ఆవిడ మోకాళ్లు తన వైపు జరిగేసరికి మొహం చిట్లించాడు. అందులో ఏముందో ఆవిడ చెప్పాక తన కాళ్లు ముడుచుకున్నాడు. ఆ తర్వాత మాటలు కలిశాయి. ఆయనదీ అదే ఊరికి ప్రయాణం. మర్నాడు పొద్దున కూతురు కాలేజీలో పట్టా అందుకుంటోందట. వాళ్లింట్లో అంత చదువు చదివింది ఆ పిల్లేనని రెండుసార్లు చెప్పాడు.

దారిలో దిగి మారాల్సిన చోట గాలివాన. విమానం ఆకాశంలోనే చక్కర్లు కొట్టింది. కిందికి దిగేసరికి రెండో విమానం బయల్దేరే వేళయింది. పెద్దక్క మోకాళ్లు పరుగుకు సహకరించలేదు. డ్రైవరు ముందే పరుగెత్తి, గేటు దగ్గర పనిచేసే అమ్మాయికి ఆయాసంతోనే సంగతంతా చెప్పి విమానాన్ని ఆపించాడు.

వీళ్లు రారనుకుని సీట్లు వేరేవాళ్లకు ఇచ్చేశారు. మిగిలింది ఒక్కటే. మళ్లీ విమానం రేపు మధ్యాహ్నానికి గానీ లేదు.

పెద్దక్కకు ఆయన మొహం చూడాలంటే మనసొప్పలేదు. ఆయన మాత్రం కాసేపు నేలచూపులు చూసి, "మీరెక్కండక్కా. మా అమ్మాయికి నేను చెప్పలేను, మీరే ఒక్కమాట చెప్పండి చాలు," అని ఆ పిల్ల ఫోన్ నంబరు ఇచ్చాడు.

తెల్లారాక ఆసుపత్రిలో డాక్టరు పెట్టె తెరిచి, సంచి చూసి, సరిగ్గానే ఉందని తలూపింది. పెద్దక్క గోడకు చేరగిలబడి ఊపిరి పీల్చుకుంది. ఇక హోటలుకు వెళ్లి పడుకోవచ్చు. కానీ పడక మీద ఒళ్లు వాల్చినా కన్ను మూతపడదని ఆవిడకు తెలుసు.

ఫోన్ చేస్తే, నాన్న రావడం లేదనగానే ఆ పిల్ల ఎందుకని నిలదీసింది. పెద్దక్క జరిగింది చెప్పింది. అంతా విని, "నాన్న సీటు ఖాళీగానే ఉంది, మీరొస్తారా ఆంటీ?" అని అడిగింది.

నలిగిన బట్టలతోనే పెద్దక్క ఆ హాల్లోకి వెళ్లి కూర్చుని, పిల్ల ఇచ్చిన నంబరుకు, వాళ్ల నాన్నకు వీడియో కాల్ చేసింది. విమానాశ్రయం బెంచీ మీద డ్రైవరు తల దువ్వుకుని సిద్ధంగా ఉన్నాడు. పిల్ల వేదికెక్కింది. పెద్దక్క కళ్లు తుడుచుకుంటూ ఫోన్ సంగతే మర్చిపోయింది.

"కాస్త పైకెత్తండక్కా," అంది ఫోన్లోంచి బొంగురు గొంతు. "ముందాయన బట్టతలే కనిపిస్తోంది."